మిద్దె మీద లెట్యూస్ పంట

నేను బాటనీ లెక్చరర్‌ని. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చివర్లో చెబితే మీరు నమ్మరు. మా ప్రిన్సిపాల్ సార్‌ని భోజనానికి కూర్చోబెట్టి, నా చదువు మొత్తాన్ని గిన్నెలో వేసి, నిమ్మరసం పిండి ఆయన ముందు పెట్టిన రోజొకటి ఉండాది. అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. తిరుచానూరు రోడ్డులో చిన్న మిద్దె ఇల్లు. ఇంట్లో నేను, మా ఆయన మునిశేఖర్, మా అత్త మునెమ్మ. అత్తది వడమాలపేట దగ్గర పల్లె. నలభై ఏళ్లు శెనక్కాయ చేలల్లో వంగి పని చేసి మోకాళ్లు అరిగిపోతే, మా దగ్గరికి తెచ్చుకున్నాము. ఆమె మెట్లెక్కలేదు. అదే నా కొంప ముంచింది. ఎక్కగలిగుంటే ఈ కథ రెండో వారంలోనే అయిపోయేది.

కాలేజీలో నాది తాత్కాలిక ఉద్యోగం. ఆ ఏడు ఒకరిని పర్మనెంట్ చేస్తారని తెలిసింది. పోటీలో నేను, జువాలజీ ఆయన. ఏదో ఒకటి చేసి చూపించాలి కదా. యూట్యూబ్‌లో చలిదేశపు ఆమె ఒకరు పెరట్లో ప్లాస్టిక్ గుడారం వేసి, అందులో విత్తనాలు చల్లి, గంపలకొద్దీ సలాడ్ ఆకులు కోసుకుంటా కనపడింది. గుడారం బయట మంచు కురుస్తా ఉండాది. నేను మంచును పట్టించుకోలేదు, ఆకుల్నే చూసినాను.

మార్చి నెలలో మిద్దె మీద ఇనప పైపులు నిలబెట్టించి, చుట్టూ ప్లాస్టిక్ పట్టా బిగించి, దానికి గ్రీన్‌హౌస్ అని పేరు పెట్టినాను. తిరుపతి ఎండలో ప్లాస్టిక్ గుడారమంటే జ్వరమొచ్చినోడికి రెండు కంబళ్లు కప్పడమే. లోపల రెండు నిమిషాలు నిలబడితే చాలు, పాత్రలో ఇడ్లీ ఏమనుకుంటుందో తెలిసిపోయేది. గాలి ఆడకుండా మూస్తే మొక్క ఎట్ల బతుకుతుందని అత్త కిందనుంచి అడిగింది. అది సైన్సని చెప్పినాను. సైన్సంటే ఆమెకి గౌరవం, ఇంకేమీ అడగలేదు.

ఐదు రకాల సలాడ్ ఆకుల విత్తనాలు కలిపిన పొట్లం ఆన్‌లైన్‌లో తెప్పించినాను. లెట్యూస్‌తో నాకున్న పరిచయమంతా బర్గర్‌లో నలిగిపోయిన ఆకుతోనే. తొట్లలో ఎర్రమట్టి, అత్త వాళ్ల ఊరినుంచి వచ్చిన మేకల ఎరువు కలిపి, విత్తనాలు చల్లి, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించినాను. వారమైనా ఉలుకూ పలుకూ లేదు. పది రోజులకి తొట్లన్నీ ఒక్కసారిగా పచ్చబడినాయి. గుండ్రంటి మందపాటి ఆకులు, ఎర్రటి లేత కాడలు, పండగ బస్సుకు జనం వచ్చినట్టు ఒకదాన్నొకటి తోసుకుంటా వచ్చినాయి. పొట్లం మీది బొమ్మలో ఒక మూల ఇట్లాంటి ఆకే ఉన్నట్టు అనిపించింది. మిగతా నాలుగు రకాలు నిదానంగా వస్తాయిలే అనుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండు. తొట్టికొక చీటీ కట్టి లాటిన్ పేరు రాసినాను. మా డిగ్రీ పిల్లల్ని తీసుకొచ్చి చూపించి, గంటసేపు పాఠం చెప్పినాను. వాళ్లు బుద్ధిగా రాసుకున్నారు. అందులో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ పేజీ దయచేసి చింపేయండి.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ శకుంతల మేడం కూడా వచ్చి, ఒక ఆకు నలిపి వాసన చూసి, మంచి రకమేనని మెచ్చుకున్నారు. మేడం నాచు మీద పరిశోధన చేసిన మనిషి. మైక్రోస్కోపు కింద పెడితే దేన్నైనా పేరుపెట్టి పిలుస్తారు. కంటికి కనపడేంత పెద్ద మొక్కలతో ఆమెకి ఎప్పుడూ పని పడలేదు. ఆమె ప్రిన్సిపాల్ సార్‌కి చెప్పినారు. సార్ లెక్కల మనిషి. వచ్చే ఆదివారం మేడంతో కలిసి వస్తాను, మీ ఇంట్లోనే భోజనం అన్నారు.

ఆదివారం పొద్దున గంప నిండా ఆకు కోసి, మిద్దె మీది కొళాయి కిందే కడిగినాను. అక్కడే దోసకాయ, టమోటా ముక్కలు కలిపి, మిరియాల పొడి చల్లి, నిమ్మకాయ పిండినాను. అత్త వంటింట్లో చారు పెడతా ఉండాది. అందరూ కూర్చున్నాక తలా ఒక పళ్లెం పెట్టినాను.

సార్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడం మెల్లమెల్లగా తగ్గింది. గొంతు కొంచెం పట్టినట్టుందే అన్నారు. విదేశీ ఆకులు అట్లనే ఉంటాయి, అలవాటు కావాలని మేడం చెప్పినారు. సార్ గ్లాసెడు నీళ్లు తాగి, రెండో ముద్ద తీసుకున్నారు. మర్యాద కోసం ఒక మనిషి ఎంత దూరం పోగలడో ఆ రోజు కళ్లారా చూసినాను. మునిశేఖర్ తన ఆకులన్నీ ఒక్కొక్కటిగా టమోటా ముక్కల కిందికి తోస్తా ఉన్నాడు.

అప్పుడు అత్త గోడ పట్టుకుని వచ్చి కూర్చునింది. పళ్లెంలోంచి ఒక ఆకు తీసి, వెలుగుకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాపా, ఇది యాడిది?"

"మిద్దె మీద నేనేసిన లెట్యూస్, అత్తమ్మా."

"గలిజేరు కదమ్మా ఇది. శెనక్కాయ చేన్లో కలుపు." ఆమె గొంతులో ఎగతాళి లేదు. సార్ వైపు తిరిగి, "మేకల ఎరువులో గింజలు వచ్చుంటాయి సామీ. ఇది పచ్చిది తినగూడదు, గొంతు గీరుతుంది," అనింది.

సార్ మూడో ముద్ద జాగ్రత్తగా పళ్లెంలో దించినారు. నేను మేడం వైపు చూసినాను. మేడం ఫ్యాన్ వైపు చూసినారు. ఎండ ఎక్కువైతే లెట్యూస్ విత్తనం మొలకెత్తకుండా నిద్రపోతుందని ఆ నెలలోనే నేను బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీసి చెప్పిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది.

అత్త మాత్రం లేచి వంటింట్లోకి పోయింది. గంపలో మిగిలిన ఆకు తెప్పించి, కందిపప్పుతో ఉడకబెట్టి, చింతపండు, పచ్చిమిరపకాయలు వేసి, ఎల్లిపాయలతో తిరగమాత పెట్టింది. అరగంటలో పప్పు వచ్చింది. సార్ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. మేడం గిన్నె అడుగు గీకినారు.

పోయేటప్పుడు మేడం వాకిట్లో ఆగి, ఆకు చూడగానే పేరు చెప్పినారే, మీరేం చదువుకున్నారమ్మా అని అత్తని అడిగినారు.

"నాలుగో తరగతి," అనింది అత్త. "దీన్ని చదవలేదమ్మా, పీకినాను."

జూన్‌లో నా ఉద్యోగం పర్మనెంట్ అయ్యింది. అది నా బాటనీకి వచ్చిందా, మా అత్త పప్పుకి వచ్చిందా అని అడిగే ధైర్యం నాకు ఈరోజుకీ లేదు.

కాబట్టి చదువుతున్న మీ అందరి ముందర ప్రమాణం చేస్తున్నాను. నా ఇంట్లో మొలిచిన ఏ ఆకునైనా, దాన్ని ఒక్కసారైనా పీకి పారేసిన మనిషికి చూపించకుండా వచ్చినోళ్ల పళ్లెంలో పెట్టను. వచ్చింది ప్రిన్సిపాల్ అయితే, నేను రిటైరయ్యేదాకా ఏ ఆకూ పెట్టను.