బంతి అందించే కొలువు

మార్కర్ అంటే ఏమిటో ఇప్పుడు విప్పి చెప్పవలసి వస్తోంది. మా రోజుల్లో జిల్లాల్లో ఆఫీసర్ల క్లబ్బు ఉన్న ప్రతి ఊళ్లో ఒక మార్కర్ ఉండేవాడు. టెన్నిస్ కోర్టుకు మొరం పరిచి, నీళ్లు చల్లి, రోలర్ లాగి, సున్నంతో గీతలు గీసి, పొద్దు వాలేసరికి తెల్లబట్టలు తొడుక్కుని అఫ్సర్లతో ఆడేవాడు. ఆడినందుకు జీతం తీసుకుంటాడు కాబట్టి వాడు ప్రొఫెషనల్. జీతం లేకుండా ఆడతారు కాబట్టి అఫ్సర్లు పెద్దమనుషులు. పెద్దమనుషుల టోర్నమెంటులో ప్రొఫెషనల్ ఆడకూడదని రూలు. ఆ రూలు పెట్టినవాడు ఎవడో నాకు తెలియదు గానీ, ఎదురుపడితే నాలుగు మాటలు అడగాలని చాలా ఏళ్లు కడుపులో పెట్టుకున్నాను.

అన్ని క్లబ్బుల్లో మార్కర్‌కు పక్కా నౌకరీ ఉండేది కాదు. చాలా చోట్ల సీజనుకే పిలిచేవారు. దసరా పోయాక వానలు వెనక్కి తగ్గితే కోర్టులు తయారయ్యేవి. ఎండలు ముదిరేదాకా ఒక్కో క్లబ్బు తన టోర్నమెంటు పెట్టుకునేది. దానికి రెండు వారాల ముందు మాలాంటివాళ్లను ఇద్దరినో ముగ్గురినో పిలిపించి, మెంబర్లకు చెయ్యి ఆడేలా చేయమనేవారు. అది ముగిస్తే ఇంకో ఊరు. నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి, అక్కడి నుంచి పట్నం మీదుగా పాలమూరు, వనపర్తి, గద్వాల. రేకుపెట్టె, గోనెసంచిలో చుట్టిన బ్యాట్లు, బస్సు మీద కట్టిన నెట్టు. దాన్ని మేము కూడా దర్జాగా సీజన్ అనేవాళ్లం. పెళ్లిళ్లకు తిరిగే బ్యాండువాళ్ల బతుకు కూడా అట్లాగే ఉండేది. కాకపోతే వాళ్లకు పెళ్లి భోజనం దొరికేది.

మాది మోత్కూరు దగ్గర గొర్లు కాసే ఇల్లు. చిన్నప్పుడు పట్నంలో ఒక జాగీర్దారు బంగళాలో తోటపనికి కుదిరి, వాళ్ల కోర్టు ఊడుస్తూ ఆట పట్టుకున్నాను. బ్యాటు మధ్య అల్లే తీగ గొర్రె పేగుతో చేస్తారని మా నాయినకు చెప్తే, ఇంటినిండా గొర్లు పెట్టుకుని వాటి పేగుల కోసం పట్నం పోయినవా అని నవ్వాడు. చాలా కాలం ఊరందరికీ అదే చెప్పి నవ్వించాడు.

నేను చెప్పే సీజన్, హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్లకు. అప్పటికి నాకు నలభై దగ్గరపడుతున్నాయి. క్లబ్బుల్లో ఉర్దూలో పిలిచే అఫ్సర్లు తగ్గి, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఇంజనీర్లు, డాక్టర్లు పెరిగారు. పిలిచే భాష మారింది గానీ పిలుపు మారలేదు. ఆ ఏడు నాకు బాగా గుర్తున్నది అలసటే. పొద్దున లేవగానే కుడి మోకాలు ముందుగా పలకరించేది. క్లబ్బు వరండాలో పడక, ఇటుకల పొయ్యి మీద జొన్న గటక, మధ్యాహ్నం దాకా రోలర్, సాయంత్రం దాకా అఫ్సర్లు. ఊరు మారినా వరండా అదే, మొరం అదే, గోడ మీద పెద్దల ఫోటోలూ అవే అనిపించేది. ఏ ఊళ్లో ఉన్నానో తెలియడానికి ఒక్కోసారి బయటికి పోయి బస్టాండు బోర్డు చూసుకునేవాణ్ని.

నాతో ఆ సీజనంతా తిరిగిన మార్కర్ ఆలంపూర్ వైపు మనిషి. క్రైస్తవుడు. వాళ్ల తండ్రి దొరల పొలాల్లో కూలి చేసినవాడు. ఈయన మిషన్ బంగళాలో ఆట నేర్చుకున్నాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద కాబట్టి అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. మాట తక్కువ. నాకు కోపం ఎక్కువ, ఆయనకు ఓపిక ఎక్కువ, అందుకే మాకు పొత్తు కుదిరింది. నేను గటక కాస్తే ఆయన తొక్కు నూరేవాడు.

మార్కర్ పని ఆడటం కాదు, ఆడించడం. ఈ సంగతి ఆయనే నాకు బాగా చూపించాడు. పొట్ట ఉన్న అఫ్సర్ నడుము పక్కకు, అరడుగు దూరంలో, బంతి వచ్చి కూర్చోవాలి. ఆయన చెయ్యి చాపితే చాలు, టప్పున పోవాలి. పోయాక ఆయన చుట్టూ చూస్తాడు, ఎవరైనా చూశారా అని. అప్పుడు మేము తల ఊపాలి. ఎక్కువ ఊపకూడదు. సెట్టు చివర్లో ఓడిపోవాలి. తొందరగా ఓడితే ఆయనకు కోపం, ఓడకపోతే ఇంకా కోపం. అన్నిటికంటే ముఖ్యం ఒకటే: బంతి ఎప్పుడూ ఎదుటివాడు ఉన్న చోటికే పోవాలి. ఇరవై ఏళ్లు రోజూ అదే చేస్తే చెయ్యి మెదడును అడగడం మానేస్తుంది.

ఆ సీజన్ చివర పాలమూరు వైపు ఒక ఊరి క్లబ్బుకు చేరాం. ఏ ఊరో చెప్పను, ఆ ఊరితో నాకు పేచీ లేదు. అక్కడికి పోగానే తెలిసింది, వాళ్లకు ఏడాది పొడుగునా ఉండే మార్కర్ కావాలట. నెల జీతం. క్లబ్బు వెనక రేకుల గది, ముందర ఒక వేపచెట్టు, గదిలో పొయ్యి.

నన్ను పట్టుకున్నది ఆ పొయ్యి. నా భార్య, బిడ్డ మా అన్న ఇంట్లో ఉండేవారు. మా వదిన చెడ్డది కాదు. అయినా పదేళ్లుగా నా భార్య ఆమె పొయ్యి మీద, ఆమె వండాక వండేది. బిడ్డకు జ్వరం వస్తే గంజి కాయడానికి కూడా పొయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగేది. నేను సీజనుకు బయలుదేరిన ప్రతిసారి ఆమె నన్ను చీర అడగలేదు, గాజులు అడగలేదు. ఎక్కడన్న ఒక్క పొయ్యి పెట్టుకునే జాగా చూడు అనేది. నేను సరేనని బస్సెక్కేవాణ్ని. ఆ రేకుల గదిలోకి తొంగిచూసిన రోజు పొయ్యిలో బూడిద చేత్తో తీసి చూశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు.

నాతో వచ్చిన మార్కర్ అన్నకూ ఆ నౌకరీ కావాలి. ఆయన భుజం అప్పటికే నొప్పి పెడుతోంది, ఇంటి దగ్గర నలుగురు పిల్లలు. ఇద్దరిలో ఒకర్ని పెట్టుకుంటామని క్లబ్బు సెక్రటరీ చెప్పాడు. ఆయన కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు, మంచిగా మాట్లాడేవాడు. టోర్నమెంటు ఆఖరి రోజు, బహుమతులకు ముందు, మార్కర్లిద్దరం ఒక సెట్టు ఆడటం అన్ని క్లబ్బుల్లో ఉన్న ఆచారమే. ఈసారి మెంబర్లందరూ దాన్ని చూస్తారని, ఆ తర్వాత కమిటీ కూర్చుంటుందని అన్నాడు. ఇంక చెప్పేదేముంది, గెలిచినవాడిదే గది అని జవానుల నుంచి చాయ్ తెచ్చేవాడి దాకా అందరూ తేల్చేశారు. మేమూ అదే అనుకున్నాం. వంట మాత్రం కలిసే చేసుకున్నాం. గది మాట ఇద్దరం ఎత్తలేదు.

ఆఖరి రోజు కుర్చీలు నిండాయి. అఫ్సర్ల ఆడవాళ్లు కూడా వచ్చారు. గోడ మీద ఊరివాళ్లు కూర్చున్నారు. వాళ్లలో మా ఊరి గొంగళ్లమ్మే అతను కనబడి చెయ్యి ఊపాడు. ఆట మొదలైంది. మొదలైన కాసేపటికే నాకు అర్థమైంది, ఇది ఎప్పటికీ తెగదు. నేను కొట్టిన బంతి పోయి అన్న నడుము పక్కన, అరడుగు దూరంలో కూర్చునేది. ఆయన కొట్టింది వచ్చి నా బ్యాటు కిందికే వాలేది. ఇద్దరం గెలవాలనే ఆడుతున్నాం, ఒట్టు. చెయ్యి మాత్రం మర్యాద చేస్తోంది. ఒక్కో పాయింటు ఎంతసేపు సాగిందంటే కుర్చీల్లో వాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నా మోకాలు మండుతోంది. ఎదురుగా ఆయన నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. పడుచు డాక్టరు ఒకాయన అందరికీ వినబడేలా, ఇద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చినట్టున్నారే అన్నాడు. కుర్చీలన్నీ నవ్వాయి.

నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా వీళ్లకోసం ఓడిపోతుంటే ఒక్కడికీ అనుమానం రాలేదు. ఒక్కరోజు నాకోసం ఆడుతుంటే దొంగాట అన్నారు. పళ్లు కొరుక్కుని, తర్వాతి బంతిని అన్న లేని చోటికి కొట్టాను. అది మూల గీత మీద పడి గోడకు తగిలింది. కుర్చీలు ఒక్కసారి గమ్మునయ్యాయి. తర్వాతిది ఇంకో మూలకు. ప్రతిసారి చేతిని బలవంతంగా లాక్కుని పోవలసి వచ్చింది, మొండి ఎద్దును పక్క చాలులోకి తిప్పినట్టు. అన్న అందిన వాటికి ఉరికాడు, అందని వాటిని చూస్తూ నిలబడ్డాడు. ఆయన కొట్టినవి మాత్రం చివరిదాకా నా బ్యాటు దగ్గరికే వచ్చాయి. సెట్టు నాదైంది. చప్పట్లు కొట్టారు. ఒక తువ్వాలు, ఒక టిఫిన్ డబ్బా ఇచ్చారు. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు, ఆ తర్వాత కూడా ఆడలేదు. చాలా సంతోషపడ్డాను. ఆ మాట దాచను.

కమిటీ మర్నాడు కూర్చుంది. సెక్రటరీ నన్ను వరండాలోకి పిలిచి, నిలబెట్టకుండా స్టూలు చూపించాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

"నువ్వు బాగా ఆడావయ్యా, కాదనను. కానీ మెంబర్లు సాయంత్రం పూట వచ్చేది నాలుగు బంతులు కొట్టి పోదామని. నిన్న నిన్ను చూసి సగం మంది భయపడ్డారు. ఆ పెద్దాయనైతే మాకు సరిపోతాడు."

ఆయన మాటలో తప్పేమీ లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. ఇరవై ఏళ్లలో ఒక్క సాయంత్రం గెలిచానండీ, రేపటి నుంచి మళ్లీ ఓడిపోతాను అని చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. ఆ మాట బతిమాలినట్టు ఉంటుందని మింగేశాను. దండం పెట్టి లేచాను.

అన్న వేపచెట్టు కింద కూర్చుని నెట్టు కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి సూది ఆపాడు. ఆయన మొహంలో గెలుపు లేదు, ఏదో చెయ్యరాని పని చేసి దొరికినట్టుంది.

"నేనేం ఉపాయం జేయలే తమ్మీ. నా చెయ్యి గట్లనే పోతది, నీకు ఎరుకే గదా."

ఎరుకే. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. బ్యాట్లు మూట కట్టుకుంటే ఆయనే బస్టాండు దాకా మోసుకొచ్చాడు. నొప్పి పెట్టే భుజం మీదే పెట్టుకున్నాడు. వద్దన్నా వినలేదు. టిఫిన్ డబ్బా ఆయన పిల్లలకు ఇవ్వమని ఇచ్చేశాను.

పట్నంలో బస్సు మారి, మోత్కూరులో దిగి, నడిచి ఊరు చేరేసరికి మర్నాటి మధ్యాహ్నం. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. వచ్చే ఏడు చూద్దామని, సూర్యాపేటలో కూడా మనిషిని అడుగుతున్నారని. ఇంటి ముందుకొచ్చి చూస్తే అరుగు మీద రెండు మూటలు. ఒకదాంట్లో గిన్నెలు, ఒకదాంట్లో బొంతలు. బిడ్డ తల దువ్వుకుని, పండక్కి కుట్టించిన గౌను వేసుకుని మూట మీద కూర్చుంది. గొంగళ్లమ్మే అతను ఆట అయిన సాయంత్రమే బస్సెక్కి, నాకంటే ముందు ఊరు చేరాడు. నేను గెలిచిన సంగతి, గెలిచినవాడిదే గది అన్న సంగతి ఇంటింటికీ చెప్పాడు.

నా భార్య లోపలి నుంచి వచ్చింది. ఆమె మొహం అంత వెలుగుతో ఉండగా నేను అంతకుముందు చూడలేదు.

"గెలిచినవట గదా."

గెలిచిన అన్నాను. నేను అరుగు మీద కూర్చుని గిన్నెల మూట ముడి విప్పడం మొదలుపెట్టాను. గట్టిగా కట్టింది, తొందరగా రాలేదు. ఆమె కాసేపు నా చేతుల వైపే చూసింది. వచ్చి పక్కన కూర్చుని తనే ముడి విప్పింది.

"కోళ్లను పొద్దుగాలనే అక్కకిచ్చేసిన. ఇప్పుడు మళ్ల ఎట్ల అడగాలె?"

నేను పోయి వదినను అడుగుతానన్నాను. వద్దంది, ఇచ్చింది ఇచ్చినట్టే అంది. ఆ ఏడంతా మా కోళ్లు పెరటి అవతల వదిన గంప కింద పడుకున్నాయి. వదిన తలచుకుని పంపిన రోజునే నా బిడ్డకు గుడ్డు దొరికేది.