మోచేతితో చూసిన నీళ్లు

మా అమ్మ పోయిందన్న మాట నాకు బడి కిటికీలోంచి వచ్చింది. నాలుగో తరగతి పిల్లలు పన్నెండో ఎక్కం చదువుతున్నారు. పక్కింటి అక్క కిటికీ ఊచలు పట్టుకుని, "చెల్లె, జర ఇంటికి రా. అమ్మ లేస్తలేదు" అంది. నేను వెంటనే కదలలేదు. పిల్లలు పన్నెండు పదుల నూట ఇరవై దాకా వచ్చేవరకు నిలబడి, నల్లబల్ల తుడిచి, సుద్దముక్క డబ్బాలో పెట్టి బయలుదేరాను. ఎందుకలా చేశానో నన్నడగకండి.

మెదక్‌లో ఉన్న మీలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. మీరు చూడకపోయినా ఆమె మిమ్మల్ని చూసి ఉంటుంది. మా గల్లీలో ఎవరింట బిడ్డ పుట్టినా, హిందువులైనా ముస్లిములైనా, కాళ్లు చాపి ఆ బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది మా అమ్మే. మా ముస్లిముల్లో ఆడవాళ్లు చనిపోతే పూడ్చేముందు చేయించే ఆఖరి స్నానం, గుసుల్, చేయించిందీ ఆమే. శంకరంపేట దిక్కు పల్లెలో పుట్టింది కనుక ఉర్దూ కంటే తెలుగే ఆమెకు బాగా వచ్చేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నాకు తెలుగు పంతులమ్మ ఉద్యోగం వస్తే, "నేనొట్టిగ మాట్లాడే తెలుగుకు నీకు సర్కారోళ్లు జీతమిస్తరా?" అని పడీపడీ నవ్వింది.

నీళ్లు ఎవరికి పోసినా ముందు మోచెయ్యి ముంచి చూసేది. "వేళ్లు పొయ్యి దగ్గర మొద్దువారుతయి బిడ్డా, వాటిని నమ్మొద్దు. మోచేతికి అబద్ధం రాదు" అనేది. పన్నెండేళ్లప్పుడు ఒకసారి నన్ను వెంట తీసుకుపోయింది. ఎవరో ముసలమ్మ చనిపోయింది. రేగు ఆకులు వేసి కాచిన నీళ్లలో మా అమ్మ మోచెయ్యి ముంచి, చల్లనీళ్లు కలిపి, మళ్లీ ముంచింది. ఆమెను పక్కకు తిప్పుతూ "జర ఇటు తిరుగు తల్లీ, అయిపాయె, అయిపాయె" అని పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. నేను గోడ దిక్కు తిరిగి నిలబడ్డాను. దారిలో అడిగాను.

"సచ్చినోళ్లకు గూడ కాలుతదా అమ్మా?"

"కాలదని నీకెవలు చెప్పిండ్రు? పోయినోళ్లు వాపసొచ్చి చెప్పిండ్రా?"

ఆ తర్వాత ఎంత పిలిచినా నేను పోలేదు. పరీక్షలని, తలనొప్పని, ఏదో ఒకటి చెప్పేదాన్ని. "పంతులమ్మకు సుద్దముక్క తప్ప ఏదీ పట్టొద్దు" అని దెప్పేది కానీ బలవంతం చేయలేదు.

ఆమె సంచీ మా ఇంటి గోడకు మేకుకు వేలాడేది. అందులో ఒక చెంబు, కర్పూరం, దూది, కాగితం పొట్లంలో పటికబెల్లం. పటికబెల్లం చనిపోయిన ఇంట్లో పిల్లలకు. ఏ ఇంటికి పోయినా గడపలో ఆమె అడిగే మొదటి మాట ఒకటే, "పిల్లలు ఏమన్న తిన్నరా?" ఏడ్చేవాళ్లు ఏడుపు ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లట. ఎవరో లేచి పొయ్యి ముట్టించేవాళ్లు.

పోయినేడు నేను పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతుంటే, వెల్లుల్లి ఒలుస్తూ అంది. "నా వంతు వస్తే నీళ్లు నువ్వే పొయ్యాలె."

"గట్లనే తియ్యి" అన్నాను. తల ఎత్తలేదు. ఆ కాగితంలో కూడిక తప్పుంది, దాని చుట్టూ ఎర్ర సున్నా చుడుతున్నాను.

ఆ రోజు వచ్చినప్పుడు నేను మాట నిలుపుకోలేదు. వాకిట్లో చీరలు అడ్డం కట్టారు. శంకరంపేట నుంచి చిన్నమ్మ వచ్చింది. నా చేతికి చెంబు ఇచ్చి "రా బిడ్డా" అంది. నేను చీర తెర దగ్గర నిలబడిపోయాను. చెయ్యి లేవలేదు. చిన్నమ్మ కాసేపు చూసి, "పోనీ తియ్యి, నేనే పోస్త" అని చెంబు తీసుకుంది. తెర పైనుంచి ఆవిరి లేవడం కనిపించింది. నీళ్లు మోచేతితో చూశావా అని అడగాలనుకున్నాను, అడగలేదు. లోపల నీళ్లు పడ్డ చప్పుడు వింటూ ఆ చీర అంచు మీది చుక్కలు లెక్కపెట్టాను. సాయంత్రం మగవాళ్లంతా ఖబరస్తాన్‌లో మట్టి చేసి తిరిగొచ్చాక మా చిన్న కూతురు నా కొంగు లాగి, "అమ్మీ, ఆకలైతుంది" అనేదాకా, పిల్లలు పొద్దుటినుంచి ఏమీ తినలేదని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. అడిగే మనిషే లేదు మరి.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు "గుండె రాయి చేసుకో" అన్నారు. అది చేసుకోకుండానే అయింది. బడికి పోయాను, వచ్చాను, వండాను. ఒక్కటే మాట లోపల తిరిగేది, ఆ నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో.

పదకొండు రోజులకు హవేలిఘనపూర్ నుంచి ఒకతను సైకిల్ మీద వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"అక్కా, మా అమ్మ పోయింది. మీ అమ్మను తోల్కపోదామని వచ్చిన."

నేను లోపలికి తిరిగి పిలిచాను. "అమ్మా, హవేలిఘనపూర్ నుంచి వచ్చిండ్రు."

గోడ అవతల పక్కింటి అక్క బట్టలు ఆరేస్తున్నదల్లా ఆగిపోయింది. అతనికి అసలు సంగతి నేనే చెప్పాను. "అయ్యో, మాకు తెల్వదక్కా" అని సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నేల చూశాడు. "మరిప్పుడు ఎవల్ని పిలవాలె?"

"జర ఆగు" అన్నాను. మేకుకున్న సంచీ తీసి భుజాన వేసుకున్నాను. నేను రిక్షాలో ముందు, అతను సైకిల్ మీద వెనక. దారి పొడుగునా దిగి వెనక్కి పోదామనే ఉంది.

ఆ ఇంటి నిండా ఆడవాళ్లు. నన్ను చూసి ఏడుపు పెంచారు. గడపలో నిలబడ్డాను. దువా చదవాలా, సలాం చెప్పాలా, ఏదీ గుర్తుకు రాలేదు. నోట్లోంచి వచ్చింది ఒకటే.

"పిల్లలు ఏమన్న తిన్నరా?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుని వంటింట్లోకి పోబోయింది. పటికబెల్లం పొట్లం ఆమె చేతిలో పెట్టాను. పొట్లం మీద దారం మా అమ్మ కట్టిన ముడితోనే ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు, పరాయివాళ్ల ఇంట్లో, పరాయి మనిషి కోసం వచ్చిన చోట. వాళ్లు నన్ను చూసి, దగ్గరి చుట్టమేమో అనుకుని ఉంటారు.

తర్వాత తెర కట్టించాను. ముక్కు తుడుచుకుని, చెయ్యి కడుక్కుని, రవిక చెయ్యి పైకి మడిచి కాగులో మోచెయ్యి ముంచాను. చురుక్కుమంది. "జర ఆగు తల్లీ, సల్లగ చేస్త" అని ఆ పెద్దమ్మతో చెప్పి చల్లనీళ్లు కలిపాను. మళ్లీ ముంచాను. ఇంకో చెంబు కలిపాను.

మా అమ్మకు పోసిన నీళ్ల సంగతి నాకెప్పటికీ తెలియదు. మూడోసారి మోచెయ్యి ముంచితే, నీళ్లు సరిగ్గా ఉన్నాయి.