దశరథరామయ్య కళ్లద్దాలు

దశరథరామయ్యకు పడిపోయే అలవాటుంది. అలవాటనే అనాలి, జబ్బంటే జబ్బుకే చిన్నతనం. జబ్బు మనిషిని అడిగి పడేయదు. ఈయన మాత్రం ముందు కళ్లద్దాలు తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, వెనక్కి తిరిగి చోటు చూసుకుని అప్పుడు పడేవాడు. కిరండుల్ బజార్లో ఇనుపరాయి దుమ్ముకు తెల్ల కుక్కలు కూడా ఎర్రగా తిరుగుతుంటాయి. అలాంటి ఊళ్లో అన్నిసార్లు పడ్డా ఆయన పంచె వెనక మరక అంటిన పాపాన పోలేదు.

బజార్లో బట్టల కొట్టు ఆయనది. ఎవరింట పెళ్లయినా, ఎక్కడ పూజయినా జనం ఒక కన్ను ఆయన మీద వేసి ఉంచేవారు. చెయ్యి కళ్లద్దాల మీదికి పోయిందంటే చాలు, "సేఠ్ గిర్ గయా", సేఠ్ పడిపోయాడని కేక. ఇంకా పడకముందే! కొట్టు ఎదురుగా పకోడీల బండి నడిపే బుధ్రాం ఉల్లిపాయ చితక్కొట్టుకుని పరిగెత్తుకొచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టేవాడు. ఇంకొకరు చేతిలో తాళాలగుత్తి పెట్టేవారు. మూర్ఛకు ఇనుము మందని ఊరి నమ్మకం. కొండకు కొండే ఇనుమైన చోట ఆ రెండు తాళాలతో ఏం తగ్గుతుందని మాత్రం ఎవరూ అడగలేదు. ఓసారెవరో చెప్పు వాసన చూపించబోతే, స్పృహ తప్పి ఉన్న దశరథరామయ్య కళ్లు మూసుకునే "ఉల్లిపాయ చాలు" అన్నాడు.

ఆయన భార్య సుశీలమ్మకు ఇదంతా తలకొట్టేసినట్టుండేది. ఆయన పడ్డప్పుడు ఆమె ఏనాడూ లేచి వెళ్లలేదు. మొహం అటు తిప్పుకుని, గోడనో గుమ్మాన్నో చూస్తూ కూర్చునేది. ఇంటికొచ్చాక మాత్రం దులిపేసేది. నలుగురూ మీ వంక చూడకపోతే మీకు అన్నం అరగదా అనేది. ఆయన నవ్వి మజ్జిగ తాగి పడుకునేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఇంకా మండేది.

బడి వార్షికోత్సవంలో అయితే మరీ అన్యాయం. ఆయన కొట్టు అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే తిరుపతమ్మ అని ఒకావిడ ఉంది. గనిలో పనిచేసే భర్త పోయాక కూతురు కమలాకుమారిని ఆ అరుగు మీదే పెంచింది. ఆ పిల్ల వేదిక మీద పాట పాడుతూ పాడుతూ మధ్యలో ఆగింది. ఎందుకాగిందా అని జనం తల ఎత్తేలోపు ముందు వరసలో దశరథరామయ్య అద్దాలు తీశాడు. హెడ్మాస్టరు మెడలో దండతోనే పరిగెత్తాడు. ఈయన్ని లేపి కూర్చోబెట్టేసరికి పిల్ల పాట మళ్లీ అందుకుంది, కానీ వినేవాడెవడు? ముచ్చటగా పాడుతున్న పిల్ల పాట చెడగొట్టాడని సుశీలమ్మ ఆ వేళ ఆయనకు కూర వడ్డించలేదు.

ఆ తర్వాత దంతెవాడలో మూర్ఛ జబ్బుకు ప్రత్యేకంగా శిబిరం మొదలైంది. ఎవరూ చెప్పకుండానే దశరథరామయ్య బస్సెక్కి వెళ్లొచ్చాడు. తలకు తీగలు అంటించి పరీక్ష చేశారు, అందులో ఏమీ కనిపించలేదు. జబ్బున్నవాళ్లకు కూడా ఒక్కోసారి అలాగే వస్తుందని డాక్టరమ్మ ఆయన చెప్పిన లక్షణాలను బట్టి గోళీలు రాసిచ్చింది. గోళీలు అమోఘంగా పనిచేశాయి. సేఠ్ పడటం మానేశాడు. చూడటానికి ఏమీ లేక పెళ్లిళ్లు చప్పబడిపోయాయని బుధ్రాం బాధపడ్డాడు.

ఇంతలో కమలాకుమారికి పెళ్లిచూపులు. ఇరుకింట్లో ఎందుకని దశరథరామయ్య తన ఇంట్లోనే పెట్టించాడు. తోంగ్‌పాల్‌లో మోటార్లు బాగుచేసే రాఘవులు పెళ్లికొడుకు. వాళ్ల మేనత్త ఏదో అడిగింది. పిల్ల జవాబు చెప్పకుండా, పైట కొంగు వేళ్లతో నలుపుతూ ఎటో చూస్తూ ఉండిపోయింది. దశరథరామయ్య అద్దాలైతే తీశాడు గానీ ఈసారి చోటు చూసుకోలేదు. తిన్నగా మైసూర్‌పాకు పళ్లెం మీద పడ్డాడు. దేవుడి దయవల్ల సంబంధం తప్పిపోలేదు. సుశీలమ్మ మాత్రం మాటలు మానేసింది. జబ్బు తిరగబెట్టిందని ఆయన దంతెవాడ బయల్దేరితే, ఈసారి తనూ వస్తానని జీపెక్కి కూర్చుంది. ఆ డాక్టరమ్మనే అడిగి తేల్చుకోవాలని ఆమె పట్టుదల.

డాక్టరమ్మ హిందీలో మర్యాదగా అడిగింది, ఈయన చూపు నిలిచిపోవడం, బట్ట పట్టుకుని నలపడం, పిలిస్తే పలక్కపోవడం ఎప్పుడెప్పుడు వస్తున్నాయని. సుశీలమ్మ తెల్లబోయింది. అలాంటివేమీ లేవని, ఈయన అద్దాలు తీస్తాడు, పడతాడు, అంతేనని చెప్పింది. డాక్టరమ్మ అయోమయంగా ఆయన వంక చూసింది. సరే, మళ్లీ పడ్డారంటున్నారు గనుక గోళీ మోతాదు పెంచుతానంది. మీ వయసు మగవాళ్లకు భయం లేదు గానీ ఆడపిల్లలకైతే ఇది ఇవ్వడం లేదంది. కడుపులో బిడ్డకు చెరుపు చేస్తుందని ఈ మధ్య పరిశోధనల్లో గట్టిగా తేలిందట. పిల్లల్ని కనాల్సినవాళ్లకు ఇప్పుడు మొదట్నుంచే వేరే మందు ఇస్తున్నారట.

దశరథరామయ్య చెయ్యి కళ్లద్దాల మీదికి వెళ్లింది. ఇక్కడ కూడానా అని సుశీలమ్మ బెంచీ మీద జరిగి చోటిచ్చి, అలవాటుగా మొహం గోడవైపు తిప్పుకుంది. ఎంతసేపటికీ పడ్డ చప్పుడు లేదు. తిరిగి చూస్తే ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"అమ్మా, ఆ గోళీలు నేను తింటలేను. నాకు ఏ రోగం లేదు. తినేది పెళ్లి కావాల్సిన ఆడపిల్ల."

డాక్టరమ్మ చెడామడా తిట్టింది. డాక్టరు చూడని పిల్లకు మందెలా ఇస్తారంది. అలాగని ఇవాళే మాన్పించేయకండి, ఉన్నట్టుండి ఆపితే ఇంకా ప్రమాదం, పిల్లను తీసుకురండి, మెల్లగా మందు మారుస్తానంది. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు.

తిరుగు జీపులో సుశీలమ్మకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బడి పాట. దసరా పూజ. పెళ్లిచూపులు. ఆయన పడ్డ ప్రతిచోటా ఆ పిల్ల ఉంది. జనమంతా ఈయన చుట్టూ మూగిన ఆ కాసేపట్లో పిల్ల తనంతట తను తేరుకునేది. ఎవరికీ చెప్పొద్దని తిరుపతమ్మ ఆయన చేతులు పట్టుకుందట, పిల్లకు పెళ్లి కాదని.

"నాకన్నా చెప్పొద్దా?" అంది సుశీలమ్మ. ఇన్నేళ్లు ఎన్నెన్ని మాటలన్నదో తలుచుకుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెప్తే నువ్వు దాన్ని జాలిగ చూస్తవు. అది కనిపెడ్తది," అన్నాడు. మళ్లీ తనే, "తప్పు చేసిన సుశీలా. నేను పడ్డప్పుడల్లా ఆ పిల్ల దాసుకోవడమే నేర్చుకున్నది. మొదట్నే చెయ్యి పట్టుకొని డాక్టర్ దగ్గరికి తీస్కపోతే అయిపోతుండె," అన్నాడు.

కమలాకుమారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది, మందు మారింది. పెళ్లికి ముందే రాఘవులుకు చెప్పేస్తానని పట్టుబట్టింది. వద్దని తిరుపతమ్మ ఏడ్చింది. పిల్ల కొట్లోనే నిలబడి, అందరూ వినేలా ఫోను పెట్టి, మూర్ఛ ఉందని ఒక్కముక్కలో చెప్పేసింది. దశరథరామయ్య దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకున్నాడు. అవతల రాఘవులు తాపీగా మాట్లాడాడు.

"ఆ రోజే చూసిన. అందరు సేఠ్ దగ్గరికి ఉరికిన్రు. నేనొచ్చింది నిన్ను చూడనీకె గాని, ఆయన్ని కాదు కదా. నువ్వే చెప్తవని ఆగిన."

పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడు పెళ్లికూతుర్ని వదిలి ముసలి సేఠ్‌ను చూస్తాడా? ఇంత చిన్న సంగతి దశరథరామయ్యకు తట్టలేదు. సంతోషంతో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మైసూర్‌పాకు పాడుచేసుకుని మరీ పడితే చూడనే లేదా అని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా.

పెళ్లిలో తలంబ్రాల దగ్గర కమలాకుమారి దోసిలి ఆగింది. మందు మారిన కొత్త, ఇంకా కుదురుకోలేదు. దశరథరామయ్య చెయ్యి అద్దాల మీదికి లేచింది. సుశీలమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. రాఘవులు తన దోసిలి ఆమె దోసిలి కింద పట్టి, బియ్యం ఒలక్కుండా ఊరికే నిలబడ్డాడు. జనమంతా చూశారు. కాసేపటికి పిల్ల కళ్లు తిప్పింది, రాఘవుల్ని చూసింది, బియ్యం అతని నెత్తిన గుమ్మరించింది. చితక్కొట్టిన ఉల్లిపాయ ఏం చేయాలో తెలియక బుధ్రాం జేబులో వేసుకున్నాడు.

అక్షింతలు వెయ్యడానికి దశరథరామయ్య లేచాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కిందపడ్డ తలంబ్రాల మీద కాలు జారి వెల్లకిలా పడ్డాడు. "సేఠ్ గిర్ గయా" అని అందరూ నవ్వారు. ఒక్కడూ కదల్లేదు. సుశీలమ్మకు మాత్రం ఆయన మొహాన కళ్లద్దాలు కనిపించాయి. కుచ్చెళ్లు కాళ్లకు అడ్డంపడుతున్నా పరిగెత్తుకెళ్లి ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. ఒక అద్దం పగిలింది, మనిషికి ఏమీ కాలేదు.

"పడేముందు అద్దాలు తియ్యాలని ఇన్నేండ్లకు కూడా తెల్వదా మీకు?" అని తిడుతూ, బుధ్రాంను పిలిచి ఆ ఉల్లిపాయ ఇటు తెమ్మంది.