పొట్టి మేకుల గాలయ్య

మెదక్‌లో పెద్ద చర్చి గోపురం కనిపించే గల్లీల్లో, ఒకప్పుడు గాలయ్య చేసిన పెట్టెలో పడుకోకుండా మట్టిలోకి పోయిన క్రైస్తవుడు లేడు. లెక్క తీస్తే ఆ పెట్టెలు జిల్లా జనాభాకంటే నాలుగు ఎక్కువే తేలతాయి. ఆయన చేసిన శవపెట్టె పెళ్లి మంచంలా మెరిసేది. ఒక్క తిక్క మాత్రం ఉండేది. మూతకు నాలుగే మేకులు కొట్టేవాడు, అవి కూడా చిటికెన వేలి గోరంత.

గాలయ్య లెక్కలో బైబిల్లో రాసిందంతా జరిగిన సంగతి. లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచాడంటే లేచాడు, అంతే. కడబూర మోగిన రోజు మెదక్ సమాధుల తోటలోనూ లేస్తారు. లేచినవాళ్లు మూత తెరుచుకోలేక లోపల తన్నుకుంటుంటే ఆ పాపం ఎవరిది? వడ్రంగిది.

కొత్తగా వచ్చిన పాస్టర్ జోయెల్ చదువుకున్న పిల్లవాడు. ఒక ఆదివారం నవ్వుతూ చెప్పి చూశాడు.

"గాలయ్య తాతా, అది పోలిక. మనిషి మనసు మళ్ల బతుకుడు గురించి చెప్పిండ్రు."

"అయ్యగారూ, బేతనియ యెరూషలేముకు కోసెడు దూరమని గూడ రాసిండ్రు. పోలికకు దూరమెందుకు? నాలుగు దినాలైంది, వాసనొస్తదని తోడబుట్టింది చెప్పింది. వాసనొచ్చే పోలిక నేనైతె యాడ సూడలే."

జోయెల్ అవతలికి పోయాడు.

గాలయ్య మాటను ఊరు మొత్తంలో నమ్మింది ఆయన భార్య శివమ్మ ఒక్కతే. బాప్తిస్మం తీసుకుని ముప్పయ్యేళ్లయినా ఆమె పేరు మార్చుకోలేదు. "పిలిస్తె పలుకుతున్న గద, ఏ పేరైతేంది?" అని ఎంతమంది పాస్టర్లనో తిప్పి పంపింది.

నమ్మనివాళ్లలో మొదటివాడు ఆమె తమ్ముడు మదన్ మోహన్, సంఘ పెద్ద. అతని కోపానికి కారణముంది. వాళ్ల నాన్నను బావ చేసిన పెట్టెలోనే తీసుకుపోతుంటే, బస్టాండు ముందు ట్రాలీ ఆటో ఒక్క కుదుపు కుదిపింది. మూత ఎగిరి అవతల పడింది. ముసలాయన ముక్కులో దూదితో, తెరిచిన నోటితో, నర్సాపూర్ బస్సెక్కే జనాన్ని పలకరిస్తున్నట్టు బయటపడ్డాడు. ఒకామె బస్సు కిటికీలోంచి దూకింది. పక్కన బజ్జీల బండివాడికి నెల రోజులు బేరం లేదు. ఆ తర్వాత గాలయ్యకు ఎవరూ పెట్టె చెప్పలేదు. పీటలూ స్టూళ్లూ చేసుకుంటూ, సామాన్లు ఒక్కొక్కటే అమ్ముకుంటూ, చివరికి ఒక్క రంపానికీ ఒక్క సుత్తెకూ వచ్చాడు.

ఈ వానాకాలం శివమ్మకు కామెర్లు ముదిరాయి. దవాఖానలో మొగుడి చెయ్యి పట్టుకుంది.

"పిలుపొస్తె లేసుడు నా జిమ్మ. మూత సంగతి నువ్వు సూస్కో."

"సూస్కుంట. మాటిస్తున్న."

మర్నాడు పోయింది.

పెట్టె గాలయ్యే చేశాడు. మదన్ మోహన్ వచ్చి, జేబులోంచి అరచేయంత మేకులు పన్నెండు తీసి దాని పక్కన పోశాడు.

"బావా, నాయిన ఇజ్జత్ బస్టాండ్ల తీసినవ్. అక్కది తియ్యనియ్య. గివ్వి కొడ్తం."

"ఆమెకు మాటిచ్చిన మదనూ. కాళ్లు మొక్కుత, వద్దు."

"మొక్కు. మొక్కినంక పక్కకు జరుగు."

గాలయ్య నిజంగానే వంగి మొక్కాడు. మదన్ మోహన్ కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

"ముసలోనికి వంట ఫికరు పట్టుకుంది. ఆమె లేసొస్తె గాని బువ్వ లేదు," అన్నాడొక చుట్టం. ఇల్లంతా ఘొల్లున నవ్వింది.

గాలయ్య లేచి శివమ్మ దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు దుప్పటి సర్దాడు. వచ్చి మూల కూర్చున్నాడు.

మూత పెట్టే వేళకు సుత్తె కనిపించలేదు. బియ్యం డబ్బా దాకా వెతికారు. గాలయ్య గోడకేసి చూస్తున్నాడు. మదన్ మోహన్ భార్య దేవిక పూలదండ సర్దబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఓ యవ్వా! వదినె చేతిల ఏందో గట్టిగ తల్గింది!"

దుప్పటి తీశారు. శివమ్మ కుడిచేతి కింద సుత్తె. మేకులు పీకే చీలిక పైకి ఉంది. పట్టు జారకుండా పిడిని ఆమె మణికట్టుకు కొంగుతో కట్టి ఉంచాడు గాలయ్య.

నవ్వి నవ్వి ఒకరిద్దరికి పొలమారింది. మదన్ మోహన్ ముడి విప్పాడు.

"ఉంచుండ్రి. ఆమెకు పనికొస్తది," అన్నాడు గాలయ్య.

"ఇప్పుడు మాకు పనికొస్తది."

జోయెల్ ఏదో అనబోయి నోరు తెరిచాడు. సంఘ పెద్ద ముఖం చూసి, ఆ తెరిచిన నోటితోనే పునరుత్థానం పాట ఎత్తుకున్నాడు.

పన్నెండు మేకులూ ఆ సుత్తెతోనే దిగాయి. ఐదోది వంకర పోయిందని చప్పుడును బట్టే గాలయ్యకు తెలిసింది. అయ్యాక మదన్ మోహన్ సుత్తెను ఆయన ఒళ్లో పడేశాడు.

"ఇగో బావా. రేపు నీ పెట్టెకు గూడ దీనితోనె కొడ్తం."

సమాధుల తోటలో గుంత పూడుస్తుంటే గాలయ్య పారలవాళ్ల దగ్గరికి జరిగాడు.

"అన్నా, మన్ను జర వదులుగ పొయ్యుండ్రి."

వాళ్లు మదన్ మోహన్ వైపు చూశారు. అతను చెప్పులైనా విడవకుండా మట్టి మీదికెక్కి, తల వైపు నుంచి కాళ్ల వైపు దాకా, మడమలు దిగేలా తొక్కుకుంటూ నడిచాడు.