మా నానమ్మను మాట్లాడవద్దన్న పెద్దనాన్న

అప్పన్న మాస్టారు అస్తమించారన్న వార్త నాకు కర్మాగారంలో పనిమీద ఉండగా అందింది. మలేషియాలో, బంటింగ్ శివార్లలో రబ్బరు చేతితొడుగులు తయారుచేసే కర్మాగారం అది. తొడుగుల్లోకి గాలి నింపి చిల్లులు వెతకడం నా ఉద్యోగం. మా నాన్న ఫోన్ చేసి, "అన్న పోనాడమ్మా, పొద్దుటే" అని ఊరుకున్నారు. నేను దిగ్భ్రాంతికి లోనైన మాట వాస్తవం. కానీ అది ఆయన మరణం వల్ల కలిగినది కాదు. స్వయానా మా నాన్న అన్నగారు, నాకు అక్షరాభ్యాసం చేయించిన గురువు పోయారని విని కూడా నా కన్ను చెమర్చలేదు. అందుకు దిగ్భ్రాంతి చెందాను. ఫోను పక్కన పెట్టి తరువాతి తొడుగు అందుకున్నాను.

మూడో రోజున మా తెలుగు సంఘం కార్యదర్శి ఇంటికి వచ్చి సంస్మరణ సంచికకు వ్యాసం అడిగారు. "మన పిల్లల్లో తెలుగు రాసీది నువ్వొక్కదానివే లా. మాస్టారి గురించి నాలుగు మంచి మాటలు రాయి తల్లీ" అన్నారు, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర "లా" చేర్చి. మంచి మాటలు నా దగ్గర నాలుగు కాదు, ఇంకా ఎక్కువే ఉన్నాయి. వాటితోపాటు మరొకటి ఉంది. అది రాయకుండా మిగిలినవి రాయడం నా వల్ల కాదని ఆయనకు ముందే చెప్పాను. ఆయన తల గోక్కుని, "సరే, సూసి రాయి" అని వెళ్ళారు.

పెద్దనాన్న బటాంగ్ బెర్జుంటై దగ్గరి రబ్బరు తోటలో, కూలీల వరుస ఇళ్ళలో పుట్టారు. చదివింది తోటలోని తమిళ బడిలో. తెలుగు అక్షరం ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాత పెద్దబాలశిక్ష ఒకటి సంపాదించి, చెట్ల నుంచి రబ్బరు పాలు తీసే పని ముగిశాక మధ్యాహ్నపు ఎండలో కూర్చుని తనంత తానుగా కూడబలుక్కున్నారు. తరువాత పోర్ట్ క్లాంగ్‌లో గిడ్డంగి గుమాస్తాగా చేరి, నిఘంటువులూ వ్యాకరణాలూ తెప్పించుకుని చదివారు. ఆ సాధనను తలచుకుంటే నాకు నేటికీ గౌరవం కలుగుతుంది. ముప్ఫై ఏళ్ళు ప్రతి ఆదివారం తన ఇంటి ముందు గదిలో ఉచితంగా పాఠం చెప్పారు. జ్వరంతో ఉన్నా మానలేదు. ఒక్క విద్యార్థే వచ్చినా మానలేదు. ఆ ఒక్క విద్యార్థీ చాలాసార్లు నేనే.

ఆయన దిద్దని మనిషి లేడు. ఒకసారి హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన కంప్యూటరు ఉద్యోగులిద్దరు, భార్యాభర్తలు, ఆయన్ను చూడవచ్చారు. "బస్ మిస్ అయ్యాం అంకుల్, అందుకే లేట్" అన్నాడు ఆ అబ్బాయి. పెద్దనాన్న నిదానంగా, "బస్సు తప్పిపోయింది, అందువల్ల ఆలస్యమైంది. అలా అనండి" అన్నారు. వాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. మళ్ళీ అనిపించేదాకా టీ కూడా తెమ్మనలేదు. "తప్పుగా మాట్లాడేకంటే మాట్లాడకుండా ఉండటం మేలు" అని ఆయన తరచూ అనేవారు. నా నోటుపుస్తకం అట్ట మీద ఆ వాక్యం స్వహస్తంతో రాసిచ్చారు కూడా.

యౌవనంలో కౌలాలంపూర్‌లో ఏదో సభకు వెళ్ళారట. ఆంధ్ర నుంచి వచ్చిన వక్త ఒకరిని "ఏటండి, బాగున్నారా" అని పలకరిస్తే, ఆ పెద్దమనిషి పక్కవారి వైపు తిరిగి ఆ "ఏటండి"ని అనుకరించి చూపి నవ్వారట. ఈ సంగతి మా నాన్న చెప్పారు, పెద్దనాన్న చెప్పలేదు. ఆ గాయం ఎంత లోతైనదో ఊహించగలను. కానీ తాను పడిన అవమానాన్ని ఆయన తీసుకువచ్చి ఎవరి ముందు పెట్టారో చూశాను కాబట్టి, దాన్ని సాకుగా స్వీకరించలేను.

దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం, నాకు పదహారో ఏట, ఒక సెలవు రోజున పెద్దనాన్న మమ్మల్నందరినీ ఒక చిన్న దీవికి తీసుకువెళ్ళారు. పడవలో ముప్పావు గంట ప్రయాణం. ఆ దీవిలో బౌద్ధ విహారం ఒకటి, పట్టుమని పదిమంది భిక్షువులు, రెండు ఇసుక తీరాలు, అంతే. సాయంత్రం నాలుగింటికి ఆఖరి పడవ. విహారం గడప దాటితే ఎవరూ పెదవి విప్పకూడదని నియమం. మా నానమ్మ పైడమ్మ దాన్ని "సాములోరి దీవి" అంది. ఆమె డెబ్బై దాటిన మనిషి. పుట్టింది తోటలోనే, సముద్రం మీద కాలు పెట్టడం అదే మొదటిసారి.

పడవ కదలగానే పెద్దనాన్న లేచి నిలబడి, "ఈ రోజు తిరిగి వచ్చి పడవ దిగేదాకా అందరమూ మంచి తెలుగే మాట్లాడాలి. మలాయ్ వద్దు, తమిళం వద్దు, తోట యాస వద్దు" అన్నారు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా నాన్న నీళ్ళవైపు చూశారు. నానమ్మకు ఇంజను చప్పుడులో ఏమీ వినబడలేదు.

విహారం బయట ఆకులు ఊడుస్తున్న ముసలి చైనా భిక్షువు ఒకరు నానమ్మను చూసి చీపురు ఆపి, ఏ ఊరి నుంచి వచ్చారని మలాయ్‌లో అడిగారు. ఆమె తోట పేరు చెప్పింది. ఆయన చిన్నతనం ఆ తోట పక్క కూరగాయల మళ్ళలోనే గడిచిందట. ఇద్దరూ కూలీల మేస్త్రీలైన పాత కంగాణీల పేర్లు, వరదలు, ఎండిపోయిన బావి, ఏవేవో చెప్పుకుని నవ్వుకున్నారు. నానమ్మ అంతగా నవ్వడం నేనెన్నడూ చూడలేదు. పెద్దనాన్న దూరంగా నిలబడి గడియారం చూసుకున్నారు.

ఆ ఉత్సాహంతోనే ఆమె తీరాన సరుగుడు చెట్ల కింద కూర్చుని, చింతపండు అన్నం పొట్లాలు విప్పుతూ, మేమెవరమూ అడగకుండానే మొదలుపెట్టింది.

"ఈ నీలు సూత్తే మా యమ్మ సెప్పినమాటే గేపకం వస్తాది. మా యమ్మ ఓడెక్కీసరికి దానికి పదేనేల్లు. దాని సెల్లి కూడా ఒచ్చినాది."

"'వచ్చింది' అనాలమ్మా" అన్నారు పెద్దనాన్న.

"ఆఁ, అదే. ఇద్దరూ ఒకటే దుప్పటి కప్పుకొని ఒచ్చినారు. రేవుకాడ దిగీసరికి దొరలు ఆల్లని ఇడదీసినారు. ఈ సెల్లిని ఏటి సేసినారంటే..."

"'ఏటి సేసినారు' కాదు. 'ఏం చేశారు'."

నేను నవ్వాను. పదహారేళ్ళ దాన్ని, మంచి తెలుగు వచ్చినదాన్ని. నా నవ్వు నానమ్మకు వినబడింది. అయినా ఆమె మాట ఆపలేదు. నా వైపే తిరిగి, "ఇనే గుంటా, ఆ సెల్లి పేరే నీకు ఎట్టమన్నాను, మీ బాబు ఎట్టనేదు. దాన్ని ఏ తోటకి తోలీసినారంటే..." అంది.

"అమ్మా" అన్నారు పెద్దనాన్న. గొంతు పెంచలేదు. "నీ భాష విని పిల్లలు పాడవుతున్నారు. నేను ఏళ్ళ తరబడి దిద్దినదంతా ఒక్క పూటలో పోతోంది. కాసేపు మాట్లాడకు."

నానమ్మ చేతిలోని పొట్లం మా చెల్లికి అందించి, "సరే నాయినా. నాకు రాదు" అంది. లేచి, ఇసుకలో మెల్లగా నడుచుకుంటూ విహారంలోకి వెళ్ళింది. మాట్లాడటం నిషిద్ధమైన ఆ గదిలో, చాప మీద, పడవ వేళ దాకా కూర్చుంది. ఆ ముసలి భిక్షువు ఆమె పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టి వెళ్ళడం గుమ్మంలోంచి చూశాను. లోపలికి వెళ్ళి ఆమె పక్కన కూర్చోవాలని నాకు తోచలేదు. మేము సముద్రంలో స్నానం చేశాం.

ఆ తరువాత నానమ్మ ఆరేళ్ళు బతికింది. మాతో అవసరమైనంత మాట్లాడేది. పెద్దకొడుకుతో మాత్రం తెలుగు మాట్లాడలేదు. ఆయన వస్తే "సుడా మాకాన్?" అనేది, తిన్నావా అని మలాయ్‌లో. ఆయన "తిన్నానమ్మా" అని తెలుగులో బదులిచ్చేవారు. ఆరేళ్ళూ అంతే. ఆ చెల్లెలి కథ చెప్పమని నేను ఎన్నోసార్లు బతిమాలాను. "ఏటోనే, మర్సిపోనాను" అనేది. ఆమె మరిచిపోలేదని నాకు తెలుసు. రేవులో విడిపోయిన ఆ పిల్ల ఏ తోటకు వెళ్ళిందో, ఆమె సంతానం ఈ దేశంలో ఎక్కడున్నారో, అసలు ఆమె పేరేమిటో, అది నా పేరు కావలసింది, ఇక ఎవరికీ తెలియదు. నాన్నను అడిగాను. "ఆ పేరు మర్సిపోనాను. మిగతాది అమ్మ సెప్తాదని ఊరుకున్నాను" అన్నారు.

పోయిన నెలలో క్లాంగ్ ఆసుపత్రిలో పెద్దనాన్నను చూడటానికి వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. కళ్ళు మాత్రం మునుపటిలాగే ఉన్నాయి. పలకరింపులయ్యాక నేను దాచుకోలేకపోయాను.

"పెద్దనాన్నా, ఆ దీవిలో నానమ్మను అలా ఆపి ఉండవలసింది కాదు."

ఏ దీవి అని ఆయన అడగలేదు. "నేను ఆపలేదు. దిద్దాను. ఆమె మానేసింది."

"మాట్లాడకు అన్నారు. నేను అక్కడే ఉన్నాను."

"అన్నాను. మీరు నేర్చుకోవాలని అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను."

"ఆ కథ పోయింది. మిమ్మల్ని నేను క్షమించలేదు. క్షమిస్తానని కూడా అనుకోను. ఇది మీకు చెప్పాలనే వచ్చాను."

ఆయన నా ముఖంలోకి చూస్తూ అంతా విన్నారు. మధ్యలో అడ్డు రాలేదు. చివరకు, "ఒక్క తప్పూ లేకుండా చెప్పావు" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే సంతోషించారు. అది చూసి నాకు మరింత మండింది. "నిలబడే ఉన్నావు, కూర్చో తల్లీ" అన్నారు. నేను కూర్చోలేదు. బస్సుకు వేళయిందని వచ్చేశాను. ఆయనను ప్రాణాలతో చూడటం అదే చివరిసారి.

అప్పన్న మాస్టారి కృషి నిరుపమానమైనది. ఈ వ్యాసంలోని ప్రతి పదమూ ఆయన పెట్టిన భిక్ష. ఆ మహోపకారానికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. క్షమ మాత్రం నా దగ్గర లేదు. అది ఇవ్వవలసిన నానమ్మ ఆయనకంటే ముందే వెళ్ళిపోయింది.

మా ఆయన తమిళుడు. మా అమ్మాయిలిద్దరూ నా తెలుగు అర్థం చేసుకుంటారు, ఇంగ్లీషులో జవాబు చెబుతారు. నాన్నకు చెవులు మందగించాయి. మొన్న కర్మకాండ ముగిసి ఇంటికి వచ్చాక పెద్దనాన్న మీద ఇంకా అనవలసినవి ఎన్నో గుర్తుకు వచ్చాయి. వంటింట్లో నిలబడి, ఆయన నేర్పిన తెలుగులోనే, ఆయనతో అంటున్నట్టు పైకే అనడం మొదలుపెట్టాను. చిన్నది తొంగిచూసి, ఎవరితో మాట్లాడుతున్నావని ఇంగ్లీషులో అడిగింది. అప్పుడు ఏడ్చాను.