ఉట్టి పైకి జరిగిన ఎండాకాలం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే ఉట్టికే మర్యాద ఎక్కువ. దాన్ని చూడాలంటే అందరూ తలెత్తేవాళ్లు, నన్ను చూడాలంటే వంగేవాళ్లు. ఆరో తరగతిలో రెండోసారి కూర్చోమంటే బడికే దండం పెట్టినవాణ్ణి. నా ఎత్తు కూడా ఆ తరగతిలోనే ఆగిపోయిందని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు.

ఊరికంతా ఒకే ఫోను బూత్ ఉండే రోజులవి. బెళుగుప్ప పక్కన మా పల్లె. మా జేజికి, అంటే మా నాయన తల్లికి, రొమ్ములో గడ్డ తేలింది. క్యాన్సర్ అన్నారు. బెంగుళూరు ఆసుపత్రిలో కుడి రొమ్ము తీసేసి, ప్రాణానికి భయం లేదని చెప్పి పంపారు. డాక్టరమ్మ ఒక్కటే గట్టిగా చెప్పింది. కుడిచేయి రోజూ కొంచెం కొంచెం పైకెత్తాలి, గోడ మీద వేళ్లు పాకించాలి, లేకుంటే భుజం బిగుసుకుపోతుందని.

జేజి వినలేదు. చేయెత్తితే కుట్లు పిగిలిపోతాయని భయం. "గోడ మీద పాకేదానికి నేనేమన్నా బల్లినా?" అని మా అమ్మను కసిరేది. కొంగు రెండు చుట్లు చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. అరుగు మీది ఆడవాళ్లు పిలిచినా పలికేది కాదు. తన కొప్పు తాను వేసుకోలేక మా అమ్మ చేత దువ్వించుకునేటప్పుడు కళ్లు మూసుకునేది. ఆ మూసిన కళ్లలోంచే నీళ్లు కారేవి. "సగం మనిషినైపోతినే" అనేది.

మా తాత ఊరడింపు మాటలు తెలిసిన మనిషి కాదు. ఒకరోజు ఆమె నిద్రపోతుండగా, దూలానికి వేలాడే ఉట్టి తాడు వదులు చేసి నడుం ఎత్తుకు దించేశాడు. ఆ రోజు అందరికంటే ఎక్కువ సంతోషపడింది పిల్లి. మరునాటి నుంచి పెరుగు ముంతకు మూత, మూతకు గుడ్డ కట్టు. తాత సంగటి ముందు కూర్చుని మొదలుపెట్టాడు.

"ఏమే, పెరుగెయ్యి."

"కోడలుండాది గదా."

"కోడలేస్తే నాకు సయించదు. నువ్వేస్తేనే తినేది, లేకుంటే లేసి పోతాండా."

మా అమ్మ మూతి బిగించి నవ్వు ఆపుకుంది. ముంత దించాలంటే రెండు చేతులూ కావాలి. బరువు పడకూడదని తాత అందులో గరిటెడు పెరుగే ఉంచేవాడు. జేజి తిట్టుకుంటూ లేచింది, దించింది.

ఆ తర్వాత నన్ను వాకిట్లో కాపలా పెట్టి, వీలైనప్పుడల్లా తాడు వేలెడంత పైకి లాగి ముడి వేసేవాడు. ముంత అందుకునేటప్పుడు ఆమె ముఖం నొప్పితో ముడుచుకుంటే, మళ్లీ కాస్త దించేవాడు. ఎండాకాలమంతా అలా ఎక్కుతూ దిగుతూ, చివరికి ఉట్టి ఆమె తల దాటింది.

తొలకరి ముందు విత్తనాలకు వేరుశనగ కాయ వలిచే రోజుల్లో ఒక పొద్దున మా అమ్మ దువ్వెన తెచ్చింది. జేజి దాన్ని లాక్కుంది. రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చి, పళ్లు బిగబట్టి, తన కొప్పు తానే ముడేసుకుంది. అది ఒక పక్కకు వాలిపోయింది. అలాగే పోయి అరుగు మీద కాయలు వలిచేవాళ్ల మధ్య కూర్చుంది. మా తాత మాత్రం మబ్బు పట్టిందేమో చూస్తున్నట్టు ఆకాశం వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

జేజి ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఇప్పటికీ ఆపరేషన్ అయినవాళ్లను చూడబోతే నేను ధైర్యం చెప్పను. డాక్టరు లేవొచ్చన్నాడని తెలిస్తే చాలు, "అక్కా, రవ్వంత మజ్జిగియ్యి" అని కూర్చుంటాను. తిట్టుకుంటూనే లేస్తారు.

మీసాలు వచ్చాక ఒకసారి జేజి దగ్గర గొప్పలు పోయాను. నీకు తెలీకుండా ఉట్టి ఎత్తి నీ చేయి బాగుచేసింది నేనూ తాతే అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"మొదటి రోజే తెల్సురా నాకు. నా ఇంట్లో ఉట్టి యాడుంటాదో నాకు తెలీదా? మీ తాత తిండి సయించక లోలోపల కుములుతాండె. ఆయప్పకూ చేసేదానికి ఏదో ఒక పని ఉండాల గదా అని ఊరకుంటి."