రెండుసార్లు కొన్న బాబిన్ కేసులు

కుట్టుమిషను చప్పుడు రెండు క్షణాలు వింటే చాలు, దాని జబ్బేమిటో ఆవిడ చెప్పేస్తుంది. అందుకే వీధిలో అందరికీ ఆవిడ మిషనక్క. వయసు నలభై మూడు. తండ్రి పోయాక ఆయన రిపేరు షాపు అన్నాచెల్లెళ్ళ ఉమ్మడి ఆస్తి అయింది. స్క్రూడ్రైవర్లు మాత్రం చెల్లెలి చేతికే వచ్చాయి. గోడౌనులో గుమాస్తాగా పనిచేసే అన్నయ్య నూనె మరకకి ఆమడ దూరంలో ఉండే మనిషి.

ఏడాది కిందట ఆవిడ క్రెడిట్ కార్డు తీసుకుంది. బెల్టులు, మోటార్లు, దారం కండెలు పెట్టే బాబిన్ కేసులు, అన్నీ దాని మీదే కొనేది. ఒక పాత లాప్‌టాప్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఆరు నెలలుగా రోజూ షట్టరు దించే ముందు చేతులు శుభ్రంగా తుడుచుకుని పద్దులు ఎక్కించేది.

ఆ నెల పన్నెండున అన్నయ్య వచ్చేసరికి ఆరు నెలల లెక్క తెర మీద ఉంది. అడుగున ఎర్రటి అంకె: లక్షా నలభై రెండు వేలు నష్టం.

“చూశావా? నేను చెప్తే చెవికెక్కలేదు. ఇప్పుడు నీ పెట్టే చెప్తోంది.”

“ఉండన్నయ్యా, ఇందులో ఎక్కడో తేడా ఉంది.”

“తేడా నీ బుర్రలో ఉంది. ఫోన్లమ్మే అతను ఈ గదికి మంచి అద్దె ఇస్తానంటున్నాడు. ఇరవయ్యో తారీఖుకి కార్డు బిల్లు మొత్తం, అణాపైసలతో సహా, షాపు డబ్బుతోనే కట్టు. కట్టలేకపోయావా, ఒకటో తారీఖు నుంచి షాపు అతనిది. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు.”

“ఇంట్లో కూర్చోవడానికి నేనేమన్నా నీ సోఫానా?”

అన్నయ్య గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ స్టూలు దగ్గరికి లాక్కుంది. మోటారు కాలిపోయిందని ఎవరు చెప్పినా విప్పి చూడకుండా నమ్మిన మనిషి కాదు; లెక్కనీ అలాగే విప్పడం మొదలుపెట్టింది.

మొదటి అనుమానం కార్డు ఖాతా దగ్గరే వచ్చింది. సాఫ్ట్‌వేర్ ప్రకారం కార్డు మీద ఉన్న బాకీ రెండు లక్షల ఇరవై నాలుగు వేల నాలుగు వందలు. బ్యాంకు పంపిన బిల్లులో ఉన్నది ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు మాత్రమే. మధ్యలో లక్షా ఎనభై ఆరు వేలు ఎక్కడివి? ఒక్క సరుకుని పట్టుకుని వెనక్కి వెళ్ళింది. ఒక నెల మూడో తారీఖున పన్నెండు వేల బాబిన్ కేసులు కొన్నట్టు కార్డు ఖాతాలో ఖర్చు రాసింది. తర్వాతి నెల ఇరవయ్యిన బ్యాంకు నుంచి ఆ బిల్లు కట్టినప్పుడు ‘కార్డు బిల్లు’ అని మళ్ళీ ఖర్చు రాసింది. అవే బాబిన్ కేసులు! కొన్నది ఒకసారి, లెక్కలో రెండుసార్లు.

తప్పు ఎక్కడ పుట్టిందో ఆవిడకి వెంటనే అర్థమైంది. డబ్బు సొరుగు దాటిన రోజే ఖర్చు రాయాలన్నది తండ్రి పద్ధతి. సరుకు కొన్న రోజే రాయమంటుంది సాఫ్ట్‌వేర్. ఆవిడ ఇద్దరి మాటా వింది.

ఆరు బిల్లుల చెల్లింపులనీ ‘ఖర్చు’ నుంచి తీసి ‘బదిలీ’ కింద, అంటే బ్యాంకు ఖాతా నుంచి కార్డు ఖాతాకి వెళ్ళిన సొమ్ముగా మార్చింది. కార్డు బాకీ బ్యాంకు బిల్లుతో అచ్చంగా సరిపోయింది. నష్టం పోయి, తన కూలి పోను నలభై నాలుగు వేల లాభం తేలింది.

మర్నాడు ఆ సంగతి విని అన్నయ్య నవ్వాడు. “పొద్దున్నకల్లా నష్టం లాభమైపోయిందా? బాగానే దిద్దావే అంకెలు!”

“బ్యాంకు కాగితం కూడా నేనే దిద్దానా? పక్కన పెట్టి చూసుకో.”

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వరసగా ఆరు నెలలూ చూశాడు. తప్పు దొరకలేదు, ఆ కోపం గొంతులోకి వచ్చింది. “లాభముంటే మంచిదే. ఇరవయ్యిన కట్టి చూపించు.”

అసలు చిక్కు అక్కడే ఉంది. లాభం వేరు, చేతిలో సొమ్ము వేరు. రాబోయే రోజుల సొమ్ము రాకపోకల్ని సాఫ్ట్‌వేర్ గీత గీసి చూపిస్తే ఆ గీత సరిగ్గా ఇరవయ్యిన గోతిలో పడుతోంది. బ్యాంకులో ఉన్నది ఇరవై ఒక్క వేలు. ఇంకా కావలసింది పదిహేడు వేల నాలుగు వందలు. బట్టలు కుట్టే వర్క్‌షాపు నుంచి రావలసింది ఇరవై ఆరు వేలు. వాళ్ళు ఇచ్చేది ఎప్పుడూ ఇరవై ఐదో తారీఖునే. కనీస మొత్తం కట్టి మిగతాది నెమ్మదిగా తీర్చుకోమని బ్యాంకు తియ్యగా మెసేజీ పంపింది. ఆ తీపికి పడే వడ్డీ ఎంతో లెక్కకట్టి చూసి, ఆవిడ మెసేజీ చెరిపేసింది.

పద్దెనిమిదిన వర్క్‌షాపు నుంచి కబురు: నాలుగు మిషన్లు ఒకేసారి ఆగిపోయాయి. ఆవిడ పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్ళింది గానీ మూత తియ్యలేదు.

“పాత బాకీ ఇప్పించండి ఓనరుగారూ, పని మొదలుపెడతాను.”

“అదేంటక్కా, ఇరవై ఐదున ఇస్తాంగా. ఎప్పుడూ ఉన్నదేగా!”

“అలాగే. మీ మిషన్లు కూడా ఇరవై ఐదునే తిరుగుతాయి.”

“ఎల్లుండి సరుకు పంపాలి! నా పీక మీద కూర్చుంటావేంటి?”

“ఆరు నెలల నుంచి నా పీక మీద మీరే కూర్చున్నారు. కాస్త దిగమంటున్నా, అంతే.”

ఆగిన మిషన్ల ముందు కూర్చున్న అమ్మాయిల్లో ఒకరు ఫక్కున నవ్వారు. ఓనరు అటు ఉరిమి చూసి, ఇటు గడియారం చూసి, ఫోను తీశాడు. ఇరవై ఆరు వేలూ వచ్చినట్టు తన ఫోను మోగాకే ఆవిడ పెట్టె మూత తెరిచింది.

పంతొమ్మిదిన బిల్లు మొత్తం కట్టేసింది. ఖర్చుగా కాదు, బదిలీగా రాసింది. బ్యాంకులో ఎనిమిది వేల ఆరు వందలు మిగిలాయి. రసీదు అన్నయ్యకి పంపింది.

ఒకటో తారీఖు పొద్దున్నే ఫోన్లతను గది కొలవడానికి టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాలే అన్నయ్య. ఆవిడ మిషను మీద నుంచి తల ఎత్తలేదు.

“అన్నయ్యా, పిలిచింది నువ్వు. చెప్పాల్సింది కూడా నువ్వే.”

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. “అదీ... గది ఖాళీ లేదండీ.”

“మరి నిన్న కూడా...”

“ఖాళీ లేదన్నాడు కదండీ,” అంది మిషనక్క. “కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డమొస్తున్నారు.”